సరస్సుకు వీపు చూపరాదు

సరస్సుకు అవమానం జరిగిందన్న సంగతి మాకు బస్సు దిగాకే తెలిసింది.

పొగమడుగు చిన్న సరస్సే. కొండలన్నీ చుట్టూ కూర్చుని మధ్యలో ఒక గిన్నె పెట్టుకున్నట్టు ఉంటుంది. ఈ గట్టున ఎవరైనా తుమ్మితే ఆ గట్టున ఉన్నవాళ్ళు చిరంజీవ అనొచ్చు. అటు ఒక గేటు, ఇటు ఒక గేటు. ఇటు గేటుకి అనకాపల్లి వైపు బస్సులు వస్తాయి, అటు గేటుకి జయపురం వైపు జీపులు వస్తాయి. మేం అక్కడికి వెళ్ళడానికి కారణం కూడా అదే. మా తోటికోడలు సన్యాసమ్మక్కని ఆవిడ కూతురు మంగ జయపురంలో తన దగ్గరికి పిలిపించుకుంటోంది. అల్లుడు జగ్గారావు జీపు వేసుకుని అటు గేటుకి వస్తానన్నాడు. నేను ఇటు గేటుదాకా దిగబెడతానన్నాను. దారి సగంలో అందమైన చోటు ఉందికదా, పగలంతా కలిసి ఉండి ఇద్దరం కలిసి ఒక ఫోటో తీయించుకుందామన్నది నా ఆలోచన.

అక్షరాలు నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందువల్ల రాసి ఉన్నదంటే నాకు భయమూ ఎక్కువే, గౌరవమూ ఎక్కువే. బోర్డు కనిపిస్తే కింద మూల పెయింటరు పేరుదాకా చదివితేగాని కాలు కదపను. గేటు దగ్గర పచ్చరంగు బోర్డు కనబడగానే ఆగిపోయాను.

"సరస్సుకు వీపు చూపరాదు. చూపినవారు శిక్షార్హులు. ఇట్లు, పొగమడుగు గౌరవ పరిరక్షణ సంస్థ."

"ఏటి రాశాడే?" అంది సన్యాసమ్మక్క. ఆవిడకి చదువు రాదు. ఇన్నేళ్ళ కాపురంలో మా ఇద్దరికీ కలిపి చదువు నాది, ధైర్యం ఆవిడది.

"చెరువుకి ఈపు సూపించకూడదంట అక్కా."

"మరేటి సూపించాలంట?"

ఆ సంగతి బోర్డు మీద లేదు. టీకొట్టు అబ్బులు చెప్పాడు. ఆ మధ్య ఒక పెద్దాయన ఇక్కడికి వచ్చారట. ఎవరో అబ్బులు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన కారు దిగి చూసేసరికి గట్టు పొడుగునా జనం ఫోన్లు ఎత్తిపట్టుకుని, సరస్సు వెనకాల పడేలాగ, దానికి వీపు పెట్టి నిలబడి ఉన్నారట. "ఇంత అందాన్ని ఎదురుగా పెట్టుకుని అందరూ వీపు తిప్పుకున్నారే!" అని ఆయన ఒక నిట్టూర్పు విడిచి, వేడివేడి బజ్జీలు తిని, కారెక్కి ఆ సంగతి మరిచిపోయారు. ఆయన మరిచిపోయినా నిట్టూర్పు మాత్రం ఫైలెక్కింది. నిట్టూర్పు మీద ఒక ఉపసంఘం వేశారు. "గుళ్ళో దణ్ణం పెట్టుకున్నాక దేవుడికి వీపు చూపిస్తామా? వెనక్కి వెనక్కి నడుచుకుంటూ కదా వస్తాం!" అని అందులో ఒక సభ్యుడు అన్నాడట. దాంతో ఇంక చర్చించడానికి ఏమీ మిగల్లేదు.

మేం గట్టు మీదికి దిగేసరికి జనమంతా పీతల్లాగ పక్కకి పక్కకి నడుస్తున్నారు. చేతిలో ఈల పట్టుకున్న కాపలావాళ్ళు ఎవరి వీపు ఎటు తిరుగుతుందా అని చూస్తున్నారు. మా ముందు ఒకాయన జారిపడ్డ చెప్పు తీసుకోవడానికి వెనక్కి తిరిగాడో లేదో ఈల మోగింది. ఆయన చెప్పు వదిలేసి దణ్ణం పెట్టాడు. దణ్ణం కాపలావాడికో సరస్సుకో తెలియలేదు.

ఫోటోలు తీసే అనుమతి సంస్థ తవిటినాయుడు అనే అతనికి ఇచ్చింది. అతని దగ్గరికి వెళ్ళాం.

"ఇద్దరికీ కలిపి తియ్యి నాయనా. మొకాలు బాగా పడాల," అన్నాను.

"మొకాలు పడవమ్మా. చెరువు కేసి తిరగండి. ఆ... అలగ. ఇప్పుడు నవ్వండి."

"ఈపు తీత్తన్నోడివి, నవ్వితే నీకేటి కనబడుద్దిరా?" అంది అక్క.

"నవ్వితే మెడ నిటారుగా వత్తాదమ్మా. పెద్దాయనొచ్చి ఎల్లిన కాడ్నుంచీ ఈపులే తీత్తన్నాను, నాకు తెల్దా?"

మేం సరస్సు కేసి తిరిగి నవ్వాం. సన్యాసమ్మక్క నా భుజం మీద చెయ్యి వేసింది. రేకుల షెడ్డులో ఉన్న మిషను లోంచి కాసేపటికి ఫోటో వచ్చింది. సరస్సు బ్రహ్మాండంగా ఉంది. దాని ముందు రెండు తెల్లకొప్పులు. నా కొప్పులో పిన్ను వంకరగా ఉంది.

అక్క ఫోటోని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"రేపు నాను పోతే ఈ కొప్పుకేటే దండేత్తావు?"

ఆవిడ నవ్వుతూనే అంది. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. ఎందుకంటే మా ఇంట్లో గోడమీద ఉన్న ఫోటోలన్నీ కత్తిరించినవే. మనిషి బతికుండగా విడిగా ఫోటో తీయించాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. పోయాక ఏ పెళ్ళి ఫోటోలోంచో, ఏ గృహప్రవేశం ఫోటోలోంచో మనిషిని కత్తెరతో విడదీసి, పెద్దది చేయించి, అద్దం కట్టించి దండ వేశాం. మా ఆయన ఫోటోలో ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి మాత్రం ఉంటుంది. అది మా బావగారి చెయ్యి. చెయ్యి మా ఆయన దగ్గర ఉండిపోయింది, బావగారు పక్క ఫోటోలో చెయ్యి లేకుండా ఉన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ చెయ్యి ఎవరిదని అడుగుతారు. అందుకే నాకు కత్తిరించడానికి వీల్లేని ఫోటో ఒకటి కావాలి. ఇద్దరం బుగ్గకి బుగ్గ ఆనించి, మొహాలు తెలిసేలాగ.

అదీగాక, వీపులు నేను జీవితంలో చాలినన్ని చూశాను. అమ్మ నన్ను అత్తారింట్లో దిగబెట్టి వెళ్ళిపోతున్నప్పుడు వీపే చూశాను. తమ్ముడు రైలెక్కినప్పుడు వీపే. మా ఆయన జూట్ మిల్లుకి వెళ్ళిన ఆఖరి పొద్దున సైకిలు మీద వీపే. ప్రతిసారీ నోటిదాకా ఒక పిలుపు వచ్చేది. వెళ్ళేవాళ్ళని వెనకనుంచి పిలవకూడదని మింగేసేదాన్ని. పిలిస్తే వాళ్ళకేదన్నా అవుతుందని భయం. పిలవకపోయినా అయ్యేవి అయ్యాయి, అది వేరే సంగతి.

"ఇంకో రకంగా తియ్యడానికి అవదా నాయనా?" అని తవిటినాయుణ్ణి బతిమాలుతూ ఉండగానే షెడ్డు దగ్గర గోల మొదలైంది.

కాకినాడనుంచి వచ్చిన భార్యాభర్తలిద్దరు తమ ఫోటో తీసుకోవడానికి వచ్చారు. బల్ల మీద ఫోటోలన్నీ పరిచి ఉన్నాయి. అన్నీ వీపులే. ఆయన ఒకటి తీసుకుని, "ఇదిగో, ఇది మా ఆవిడండీ," అన్నాడు.

"అది నేను కాదు," అంది పక్కనే ఉన్న భార్య.

"నువ్వేనే. చీర చూడు."

"చీర కాదండీ, మనిషిని చూడండి! ఇంతకాలం కాపురం చేసి నా వీపు గుర్తుపట్టలేరా?"

"ఎప్పుడూ ఎదురుగా నిలబడే కదే దెబ్బలాడతావు! వీపు నేనెప్పుడు చూశాను?"

ఈలోగా ఫోటోలో వీపు గల అసలు మనిషి, ఆవిడ భర్త కూడా వచ్చారు. మాటలు పెరిగాయి. ఆ భర్త కాస్త భారీ మనిషి. అంతలో మైకు కుయ్యిమంది.

సంస్థ కార్యనిర్వహణాధికారి మార్కండేయులుగారు అతిథిగృహం వరండాలో ప్రత్యక్షమయ్యారు. ఆయన కోటు వేసుకున్నారు. వరండా సరస్సు కేసే ఉండడం వల్ల ఆయనకి తిరిగే అవసరం లేదు.

"సందర్శక మహాశయులకు తెలియజేయునది ఏమనగా, వీపుల గుర్తింపు విషయమై తలెత్తిన అయోమయాన్ని సంస్థ తీవ్రంగా పరిగణించినది. ఇందుమూలంగా తక్షణమే అమలులోనికి వచ్చునట్లుగా, ప్రతి వీపునకూ పేరు తప్పనిసరి చేయడమైనది."

గుమాస్తా ఒకతను అట్టముక్కలూ పిన్నీసులూ పట్టుకుని బయల్దేరాడు. పేరు చెప్పగానే రాసి వీపుకి గుచ్చేశాడు. నా వీపు మీద ఏం రాశాడో నేను చదవలేను. అక్క చూడగలదు, ఆవిడకి చదవడం రాదు. ఇక మిగిలింది సరస్సు మీంచి ఎదురుగా వచ్చే పక్షులే. అవి కూడా ముందువైపే చూస్తాయి.

"ఒలే రత్నం, నా పేరు సరిగ్గా రాశాడా?" అంది అక్క.

వంగి చూశాను. 'సన్నాసమ్మ' అని రాశాడు.

"సరిగ్గానే రాశాడక్కా," అన్నాను. మళ్ళీ ఆ గుమాస్తాతో పేచీ ఎందుకని.

పేర్లు వచ్చాక తగువులు తగ్గాయి. కాని జనం గొణుగుడు తగ్గలేదు. ఇంతదూరం వచ్చి మొహం లేకుండా పోవడమేమిటని ఒక ముసలాయన వరండా మెట్ల దగ్గర కూర్చుండిపోయాడు. మార్కండేయులుగారు కాసేపు కణతలు నొక్కుకుని, మళ్ళీ మైకు పట్టుకున్నారు.

"ప్రజల మనోభావాలను గౌరవిస్తూ, సంస్థ 'ముఖదర్శన పథకం' ప్రవేశపెట్టుచున్నది. ఛాయాగ్రాహకుడు పడవలో సరస్సు మధ్యకు వెళ్ళును. సందర్శకులు సరస్సుకు అభిముఖంగా నిలబడుదురు. తద్వారా గౌరవమునకు భంగం వాటిల్లకుండా ముఖములు లభ్యమగును."

జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. తవిటినాయుడు కెమెరా మెళ్ళో వేసుకుని పడవెక్కాడు. అంతలో గుమాస్తా నసిగాడు.

"సార్, మరి తవిటినాయుడు ఇటు తిరిగి ఫోటో తీస్తుంటే అటువైపు నీళ్ళకి అతని వీపు..."

మార్కండేయులుగారు కళ్ళు మూసుకుని తెరిచారు.

"సరస్సు గర్భంలో ఉన్నవానికి వీపు ఉండదు. రాసుకోండి."

గుమాస్తా రాసుకున్నాడు. పడవలో తవిటినాయుడు చెయ్యి వెనక్కి పెట్టి ఒకసారి తడుముకోవడం నేను చూశాను.

మా వంతు వచ్చింది. అక్క నా బుగ్గకి బుగ్గ ఆనించింది. తవిటినాయుడు కెమెరా కంటికి ఆనించి, మళ్ళీ దించి, "అమ్మా, ఒక్క పాలి ఎనక్కి... ఒద్దొద్దు, తిరక్కండి! మీ ఎనకాలేటుందో తెలుసా?" అని అరిచాడు.

ఎలా తెలుస్తుంది? తిరగకూడదాయె. అబ్బులు టీ పోస్తూ చెప్పాడు. మా నెత్తిమీద సరిగ్గా 'మరుగుదొడ్లు - స్త్రీలు' అన్న బోర్డు ఉందట. దాని పక్కన బస్సులు, ఇంకా పక్కన చెత్తకుండీ.

"పరవాలేదు, తీసెయ్యి బాబూ," అన్నాను.

"పరవానేదేటే? రేపొద్దున్న నన్ను మరుగుదొడ్ల ముందు కూకోబెట్టి దండేత్తావా? నా మనవలేటనుకుంటారు, ముసిల్ది అక్కడే పోయిందనుకోరా?" అని అక్క పక్కకి జరిగిపోయింది. ధైర్యం ఆవిడది అని చెప్పానుకదా, పౌరుషం కూడా ఆవిడదే.

మాలాగే అందరూ సరస్సు ఏదని అడిగారు. సరస్సుకి వచ్చి సరస్సు లేని ఫోటో ఎందుకన్నారు. సంస్థకి ఇది న్యాయంగానే తోచింది. అతిథిగృహంలో పోయినేటి ఉత్సవాలకి కట్టిన పెద్ద తెర ఒకటి ఉంది. దాని మీద పొగమడుగు బొమ్మ వేసి ఉంది, ఉన్నదానికన్నా నీలంగా, మధ్యలో రెండు హంసలతో. ఆ తెరని జనం వెనకాల గుంజలకి కట్టారు. ముందు అసలు సరస్సు, వెనక బొమ్మ సరస్సు, మధ్యలో మేము. మొహమూ పడుతుంది, సరస్సూ పడుతుంది, మరుగుదొడ్లు కనబడవు. ఇంతకన్నా మనిషికి ఏం కావాలి?

నేను అక్కని లాక్కొచ్చి నిలబెట్టాను. బుగ్గకి బుగ్గ ఆనించాం. తవిటినాయుడు వేలు మీట మీదకి వెళ్ళింది.

"ఆపండి!"

గుమాస్తా. అతను మంచివాడే. కాని అతనికి సందేహాలు ఎక్కువ.

"సార్, తెర మీద ఉన్నది కూడా పొగమడుగే కదండీ. దేవుడి పటానికైనా వీపు పెట్టం కదండీ."

మార్కండేయులుగారి మొహం పాలిపోయింది. ఆయన తెర కేసి చూశారు, సరస్సు కేసి చూశారు, తను ఎటు తిరిగారో చూసుకుని గబుక్కున పక్కకి తిరిగారు.

"మధ్యలో ఉన్నవారెవరూ కదలరాదు!" అని మైకులో కేక వేశారు. "రెండు సరస్సుల నడుమ నున్నవారు ఎటు తిరిగినా అగౌరవమే. న్యాయసలహా వచ్చువరకు యథాస్థితి కొనసాగును!"

"పక్కకి తిరిగితేనో సార్?" అన్నాడు ఇందాకటి కాకినాడ ఆయన.

"అప్పుడు చెరి సగం అగౌరవం."

మేం అలా నిలబడే ఉన్నాం. బుగ్గకి బుగ్గ ఆనే ఉంది. ఫోటో తియ్యడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. కాని న్యాయసలహా వచ్చేవరకు కెమెరా కూడా యథాస్థితిలోనే ఉండాలట. టౌనులో ఉన్న వకీలుకి ఫోను కలవడం లేదు. కొండల్లో సిగ్నలు ఉండదు. అక్క భారం మెల్లిగా నామీదికి వాలింది. తెరమీది హంసలు గాలికి అటూ ఇటూ ఊగుతున్నాయి.

చివరికి గాలే మమ్మల్ని కాపాడింది. పెద్ద గాలి వచ్చి తెర గుంజలతో సహా ఊడి జనం మీద పడింది. దానికింద ఎవరి వీపు ఎటుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరి మీదా కేసు లేదు.

మేం తెర కిందనుంచి బయటపడేసరికి కొండలమీంచి పొగమంచు దిగుతోంది. అటు గేటు దగ్గర జీపు హారను మోగింది. జగ్గారావు. చీకటి పడకముందే ఘాట్ రోడ్డు దాటాలని అతనికి తొందర.

"ఎల్లాలే రత్నం," అంది అక్క.

"ఫోటో?"

"ఫోటోకేటే, కొప్పులున్నాయి కదా. ఉంచుకో."

గట్టు చుట్టూ నడవడానికి ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోవు. తవిటినాయుడు పడవలో అటు దింపుతానన్నాడు. సంచీ పడవలో పెట్టాను. ఇంకా ఏవో చెప్పాలనుకున్నాను. కాని మైకు అందుకుంది.

"సరస్సును వీడి వెళ్ళు సందర్శకులు గేటు వరకు సరస్సుకు అభిముఖంగానే, వెనుకకు అడుగులు వేయుచు నిష్క్రమించవలెను. ఇది ఉభయ గేట్లకు వర్తించును."

పడవ అటు గట్టు చేరింది. జగ్గారావు వచ్చి అక్క రెక్క పట్టుకున్నాడు. ఆవిడ తిరగబోయింది. అటువైపు ఈల మోగింది. జగ్గారావు ఆవిణ్ణి మళ్ళీ సరస్సు కేసి తిప్పాడు. ఇటు నేను కూడా సరస్సు కేసే ఉన్నాను. నాకు ఎదురుగా సరస్సు, సరస్సుకి అటు అక్క. ఆవిడకి ఎదురుగా సరస్సు, సరస్సుకి ఇటు నేను.

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

వెళ్ళిపోతోంది. కాని వీపు లేదు. నా జన్మలో మొదటిసారి, వెళ్ళిపోతున్న మనిషి మొహం నాకు కనబడుతోంది. ముక్కుపుడక తెలుస్తోంది. చూస్తోంది. నన్నే చూస్తోంది. అడుగు అడుగుకీ చిన్నదవుతోంది, కాని తిరగడం లేదు. తిరగడానికి వీల్లేదు, రూలు ఒప్పుకోదు.

అప్పుడు నాకు తట్టింది. వెనకనుంచి పిలవకూడదు. నిజమే. కాని నేనిప్పుడు ఆవిడకి వెనకలేను కదా.

"అక్కా!" అని కేక పెట్టాను. ఇన్నాళ్ళూ మింగినవన్నీ కలిపి వచ్చినట్టుంది, కొండలు మళ్ళీ అన్నాయి. "అక్కా! మోకాళ్ళ నూని సంచీలో అడుగున పెట్టానే! ఏడి సేసి రాసుకో!"

అటునుంచి కాస్త ఆలస్యంగా జవాబు వచ్చింది.

"ఎనకాల సూసుకోయే! పడతావు!"

"నువ్వు సూసుకో!"

"నాకు అల్లుడున్నాడే! నీకెవలున్నారు? సూసుకో!"

నేను చూసుకోలేదు. ఏడుస్తున్నదాన్ని ఏం చూసుకుంటాను? అక్క కూడా కొంగు మొహానికి పెట్టుకుంది. పెట్టుకుని, మళ్ళీ నేను కనబడనని కాబోలు, వెంటనే తీసేసింది. నా వీపు బస్సు తలుపుకి తగిలేవరకు నేను వెనక్కి నడిచాను. అప్పటికి అటు అంతా మంచే. ఆ మంచులోంచి ఇంకా "రత్నం" అని వినబడుతూనే ఉంది.

బస్సులో కండక్టరు నా వీపుమీది అట్టముక్క చదివి, "అమ్మా, మీ పేరు సన్నాసమ్మా?" అన్నాడు. గుమాస్తా ఇద్దరికీ ఆ పేరే గుచ్చేశాడన్నమాట. ఔనన్నాను. దిగేదాకా దాన్ని విప్పలేదు.

తర్వాత సంక్రాంతులూ ఉగాదులూ ఏవో గడిచాయి. ఒకనాడు జయపురంనుంచి ఫోను.

"ఒలే రత్నం! మన మొకాలు పడ్డాయే!"

"ఎక్కడక్కా?"

జగ్గారావు కిరాయికి వెళ్తూ పొగమడుగు దగ్గర ఆగితే అక్కడివాళ్ళు చెప్పారట. ఆ రోజు పడవ తిప్పుకొస్తూ తవిటినాయుడు నీళ్ళ మధ్యలో ఉన్నాడు కదా. ఇటు ఒకటి, అటు ఒకటి నొక్కాడట. యథాస్థితి అతనికి వర్తించలేదు, వీపు లేనివాడు కాబట్టి. ఆ ఫోటోలు చూసి మార్కండేయులుగారు పరమానందం పొందారట. రూలు జనంలోకి ఎంత లోతుగా వెళ్ళిందో చూడండని పైకి రాశారట. రెండు ఫోటోలనూ నిలువెత్తున వేయించి, గేటుకి ఒకటి చొప్పున పెట్టించారు. ఇటు గేటులో నేను, నోరంతా తెరిచి. అటు గేటులో అక్క, కొంగు సగం దించి. కింద పెద్దక్షరాలు: 'సరస్సును వీడలేక విలపించుచున్న సందర్శకురాలు.'

"మళ్ళీ ఇడదీసేశారన్న మాట," అన్నాను. "నువ్వో ముక్క, నానో ముక్క."

"ఇను ముందు. బోర్డుకి కూడా రూలుందంట. బోర్డు చెరువుకి ఈపు పెట్టకూడదంట. అందుకని రెండూ చెరువు కేసే తిప్పి పెట్టారు."

నేను కళ్ళు మూసుకుని ఆ చోటు గుర్తు తెచ్చుకున్నాను. గేటులోంచి లోపలికి వచ్చేవాళ్ళకి బోర్డు వెనకభాగమే కనబడుతుంది. బయటికి వెళ్ళేవాళ్ళు వెనక్కి నడుస్తారు కాబట్టి వాళ్ళకి అసలు కనబడదు.

"అయితే మనల్ని ఎవులూ సూడరన్నమాట అక్కా," అన్నాను.

"నువ్వున్నావు కదే ఎదురుగా," అంది సన్యాసమ్మక్క.